క్యారియర్ పట్టుకున్న చెయ్యి

సైకిలు ఒక పక్కన, వసంతకుమారి ఒక పక్కన పడ్డారు.

"అమ్మో, నా మోకాలు!"

పాండిచ్చేరి బీచ్ రోడ్డు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. ఎవరూ చూడలేదు కదా అని ఆమె అటూ ఇటూ చూసింది. ఒకావిడ చూసింది. చూడడమే కాదు, గబగబా వచ్చి సైకిలు లేపి నిలబెట్టింది.

"మోకాలు యాడికీ పోదులే. లెయ్ మా. చక్రాన్నే చూస్తా ఉంటే పడక ఏమైతావు?"

తెలుగు వినేసరికి వసంతకుమారికి నొప్పి సగం తగ్గిపోయింది.

"మీరూ తెలుగోళ్లేనా అక్కా?"

"అదంతా తర్వాత. కొంగు నడుముకు దోపు. ఎక్కు!"

నడివయసు, నూలు చీర, అచ్చం డ్రిల్లు టీచరు గొంతు. టీచరమ్మే అయ్యుంటుందని వసంతకుమారి అప్పుడే తీర్మానం చేసేసుకుంది. పేరు అడుగుదామంటే ఆవిడ సందు ఇవ్వలేదు.

వసంతకుమారి తొందర కూడా అలాంటిది మరి. పల్లెలు తిరిగి పసిబిడ్డలకు టీకాలు వేసే ఉద్యోగానికి వసంతకుమారిని తీసుకున్నారు. పెళ్లికి ముందు చదివిన నర్సు చదువు, కూతురు చంద్ర పుట్టాక అటకెక్కిన చదువు, ఇన్నాళ్లకు కిందికి దిగింది. మురుంగపాక్కం, దాని చుట్టుపక్కల పల్లెలు ఆమెకు ఇస్తామన్నారు. కాకపోతే సోమవారం ఆఫీసరు ముందు సైకిలు తొక్కి చూపించాలి. తొక్కితే ఉద్యోగం. లేకపోతే ఆమె తర్వాతి మనిషిని పిలుస్తారు.

"తెల్లోళ్ల వైట్ టౌన్‌లో ఆడోళ్లు తొక్కుతారు, సరే. బజారులో అంగడి పెట్టుకున్న మన ఇంటి కోడలు తొక్కేదా?" అంటూ అత్త ధనభాగ్యం ముక్కున వేలేసుకుంది.

"సోమవారం దాకా చూస్తాము లే మా. రాకుంటే తానే నిలిపేస్తాది" అన్నాడు భర్త గోవిందరాజన్.

పాపం, అతను తల్లిని ఊరుకోబెట్టడానికే అన్నాడు. వసంతకుమారికి మాత్రం ఒళ్లు మండింది. ఆ మంటలోనే వెళ్లి అద్దె సైకిలు మాట్లాడుకుంది. చంద్ర లేచి పాలకు ఏడ్చేలోపు నేర్చుకున్నంత నేర్చుకుని ఇంట్లో పడాలి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్లీ వచ్చింది. సోమవారం సంగతి విని ఆ తర్వాతా వచ్చింది. క్యారియర్ పట్టుకుని వెనకాలే పరుగెత్తేది.

"కింద చూడొద్దు! ఎదురుగా చూడు!"

"విడవొద్దండి అక్కా!"

"విడవను మా. నువ్వు సుమ్మా అట్లే తొక్కు!"

పడితే జాలి చూపడం ఆవిడకు తెలియదు.

"ఆఫీసరు ముందర ఇట్ల పడితే ఉద్యోగం ఇంకొకతెకు పోతాది. మళ్లీ వచ్చేది కాదు, తెలుసునా?"

ఒకరోజు వసంతకుమారికి ఉక్రోషం ఆగలేదు.

"మీకు వచ్చు కాబట్టి ఏమైనా చెప్తారు. పడేది నేను కదా!"

ఆవిడ చీరకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ నవ్వింది.

"ఎక్కు" అంది.

ఆదివారం వచ్చేసింది. వసంతకుమారి తొక్కుతూనే కబుర్లు చెబుతోంది.

"అక్కా, ఈ పొద్దు చెయ్యి వణికేదే లేదు. చూస్తా ఉండారా?"

గంట కూడా ఒకసారి మోగించింది.

"అక్కా!"

ఎక్కడో దూరం నుంచి కేక వినిపించింది.

"నేను ఎప్పుడో విడిచేస్తినే! తొక్కు మా, తొక్కు!"

హ్యాండిలు ఒకసారి అటూ ఇటూ ఊగింది. అయినా పడలేదు! పాత లైట్‌హౌస్ దాటింది. మలుపు తిరిగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. సంతోషం పట్టలేక గట్టిగా అరవాలనిపించింది, అరిచేసింది కూడా. చేపల గంపలతో పోతున్న ఆడవాళ్లు ఆగి మరీ చూశారు. ఆవిడైతే నడిరోడ్డు మీద చప్పట్లు కొడుతూ గెంతుతోంది.

సోమవారం ఆఫీసరు "ఒక చుట్టు చాలమ్మా" అన్నాడు. వసంతకుమారి ఆగితేనా! ఇంకో చుట్టు కూడా తిరిగి గానీ దిగలేదు.

సైకిలు మీదే ఇంటికి వచ్చింది. వీధి మొదట్లో అత్త చంద్రను ఎత్తుకుని నిలబడి ఉంది. తిట్లు తప్పవనుకుంది వసంతకుమారి.

"అదో, మీ అమ్మ వస్తా ఉండాది చూడు!" అని మనవరాలికి చూపిస్తోంది ధనభాగ్యం.

మర్నాడు వసంతకుమారి మల్లెపూలు, మిఠాయి పొట్లం పట్టుకుని బీచ్ రోడ్డుకు పరుగెత్తింది. ఇవాళైనా పేరు అడగాలి, ఇంటికి పిలవాలి. ఎండ ఎక్కినా ఆవిడ రాలేదు. ఉండబట్టలేక అద్దె సైకిళ్ల అరుణాచలం దగ్గరకు వెళ్లింది.

"అన్నా, నా వెనకాల పరుగెత్తతా ఉండిందే, ఆ టీచరమ్మ ఇల్లు యాడ?"

"తిలగమక్కనా? ఆయమ్మ టీచరని ఎవరు చెప్పినారు? మొగుడికి కారైకాల్‌కు ట్రాన్స్‌ఫర్. పొద్దున బస్సుకే అందరూ పోయినారు మా."

వసంతకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అయ్యో, ఒక మాటైనా చెప్పలేదే! అంత బాగా సైకిలు తొక్కే మనిషి నేర్పబట్టి కదన్నా నాకు ఉద్యోగం వచ్చింది."

అరుణాచలం పంపు కొట్టడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏంది మా నువ్వు చెప్పేది? చానా ఏండ్ల ముందర ఈ ఉద్యోగమే తిలగమక్కకు వచ్చింది. నా దగ్గరే సైకిలు తీసుకుని ఒక్కతే నేర్చుకోను చూసింది. వెనకాల పట్టుకునే దానికి ఒక మనిషీ లేకపాయె, పావం. పడి చెయ్యి విరగ్గొట్టుకునింది, ఉద్యోగమూ పాయె. ఈ పొద్దుకీ ఆయమ్మకు సైకిలు తొక్కే దానికి రాదు."