పెనాల్టీకి వీపు

మహిళా కాలేజీల ఫైనల్లో పెనాల్టీ కిక్కులు మొదలవగానే, కోచ్ గణపతిరావు ఎప్పటిలాగే మైదానానికి వీపు తిప్పేసి, గేలరీలో ఉన్న పెళ్ళాం మొహంకేసి చూశాడు.

"ఏటయ్యిందే?"

"గోలు!" నూకాలమ్మ ఎగిరి గంతేసింది.

ఆయనా గంతేశాడు. మరో గోలు, మరో గంతు. తొమ్మిదోసారికి అనుమానమొచ్చింది.

"అన్నీ మన పిల్లలే కొట్టీసినారేటే?"

"ఎవులైతే ఏటండీ? అందరూ ఆడపిల్లలే కదా!"

ఇంతలో మైదానం దద్దరిల్లింది. నూకాలమ్మ మాత్రం గంతెయ్యలేదు, కళ్ళొత్తుకుంటోంది. కప్పు పోయిందనుకుని ఆయన గిరుక్కున తిరిగాడు. తన అమ్మాయిలు గోల్‌కీపర్ గీతాంజలిని భుజాలకెత్తుకుని చిందులేస్తున్నారు!

"గెలిసీనాం కదే! ఏడుపేటి?"

"ఆ అవతలి జట్టు కద్మా కాలేజీ పిల్లని సూడండి. బంతి గోలు మీంచి తన్నీసి, తల పట్టుకు కూకుండిపోనాది. అచ్చం ఆవేళ మీలాగే."

ఆయన బిత్తరపోయాడు. ఆట మానింది మోకాలి దెబ్బవల్లేనని నలభై ఏళ్ళుగా చెబుతున్నాడు.

"నువ్వు సూసినావేటి?"

"మా భాలుబాసా పేట ఆడపిల్లలమంతా మైదానం గోడెక్కి సూసినాం. ఆ రాత్రే కదా, చేసుకుంటే మిమ్మల్నే చేసుకుంటానని మా నాన్నకి చెప్పినాను!"

ఆయనకి సిగ్గూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. చిందులేస్తున్న తన జట్టుని దాటుకుని గణపతిరావు ఆ కద్మా పిల్ల దగ్గరికి పరిగెత్తాడు.

"ఏడవకు బేటీ! నేనూ ఇలాగే తన్నీసినాను."

"ఫిర్ క్యా హువా, సర్?" తర్వాతేమైందని వెక్కుతూ అడిగింది.

"ఏటవుద్ది? అదిగో, గోలెవులు కొట్టినా గంతేసే పెళ్ళాం దొరికింది!"