గుండె రాసిన ఫిర్యాదు

పక్కింటి కుర్రాడు పరదేశి సంచిలో కుక్క గిన్నె, దుప్పటి సర్దుతున్నాడు.

కుక్కలున్నవాళ్లూ లేనివాళ్లూ భయం లేకుండా ఒకే పార్కులో నడవాలని పార్కు ఆఫీసువాళ్లు మా అందరి చేతికీ గుండె వేగం కొలిచే పట్టీలు కట్టారు. కుక్క దగ్గరలో ఎవరి గుండె దడదడలాడినా పట్టీయే ఫిర్యాదు రాస్తుంది. మూడైతే కుక్కను ఊరవతల శిబిరానికి పంపేస్తారు. పరదేశి కుక్క గవ్వ మీద మూడూ నా పట్టీ రాసినవే. దాన్ని ఒంటరిగా పంపలేక తనూ వెళ్తున్నాడు.

"రోజూ రస్కులు పెడతావు కదా పిన్నీ, గవ్వంటే భయమేంటి?"

"దానికి కాదురా. గవ్వను పట్టుకుని నువ్వు 'వెళ్లొస్తా' అన్నప్పుడల్లా నా గుండె దడదడలాడుతుంది. ఆఫీసులో చెప్పినా నమ్మలేదు."

"అయితే ఈసారి చెప్పకుండా పోతాలే," అని నవ్వాడు.

అన్నట్టే వెళ్లాడు. 2058 జూన్ నాలుగున వెళ్లిన పరదేశీ, గవ్వా తిరిగి రాలేదు.