లింగమ్మ చివరి మాట

లింగమ్మ చివరి మాటను మత్తు డాక్టరు దీప్తి దాచుకుంది. మొగుడు సుబ్బన్నకు దక్కాల్సిన మాట అది. ఇందులో అతనికి అనుమానమేమీ లేదు. ఆ సంగతే మూడేళ్లలో ఆరు ఉత్తరాలుగా రాసి మత్తు డాక్టర్ల జాతీయ సంఘానికి పంపాడు. ఆరో ఉత్తరానికి సంఘం కదిలింది.

నరసరావుపేటలో మందుల షాపు పైన సంఘం స్థానిక శాఖ గది. బల్లకు అటు పక్క కార్యదర్శి రవిశంకర్, ఇటు చివర దీప్తి. తలుపు దగ్గరి కుర్చీలో, వీపు ఆన్చకుండా సుబ్బన్న.

"ఆపరేషన్లో తప్పు జరిగిందంటారా?" అడిగాడు రవిశంకర్.

"నేనట్టా రాశానా? గాల్‌బ్లాడర్లో రాళ్లు తీస్తుంటే గుండె ఆగిందన్నారు. ముప్పయ్యేళ్లు క్వారీలో చేసినోణ్ణి, చావంటే ఏందో నాకు తెలుసు. నా కంప్లైంటు దానికి కాదు."

"మరి?"

"మత్తెక్కే ముందు నా గురించి ఏందో చెప్పిందంట. నర్సమ్మే అన్నది. ఏం చెప్పిందని ఈమెను అడిగితే, తర్వాత చెప్తానన్నది. మూడేళ్లయింది."

రవిశంకర్ కాగితాలు తిరగేశాడు. "ఈమెను సంఘంలోంచి తీసెయ్యమన్నారు."

"అన్నాను."

"ఇప్పుడు చెబితే?"

"చెబితే ఎందుకు తీసెయ్యటం? పని చేసుకోమనండి."

సుబ్బన్నే మళ్లీ అందుకున్నాడు.

"దాని నోరు ఆగేది కాదు సారూ. గురజాలలో బస్సెక్కితే ఇక్కడ దిగేలోపు కండక్టరుక్కూడా తెలిసిపోయేది, నాకు కాకరకాయ పడదని." నవ్వబోయి మానుకున్నాడు. "నన్ను తిట్టే ఉంటది. తిట్టినా పర్లేదు, చెప్పమనండి. మొహమాటపడొద్దు."

"తిట్టలేదు బాబాయ్," అంది దీప్తి.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సూది పెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. 'రాత్రి నుంచి నన్ను ఏమీ తినొద్దన్నారు గదా డాక్టరమ్మా, మా ఆయన కూడా నాతోపాటు పస్తున్నాడు. నేను తిన్నాకే తింటానని నా నెత్తిన చెయ్యేసి ఒట్టేశాడు. మొండోడు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ముందు ఆయన్ని తినమనండి, తర్వాత నాకు మత్తియ్యండి' అంది."

"మీరేమన్నారు?" అడిగాడు రవిశంకర్.

"బయటికి పంపటానికి ఎవరూ లేరు సార్. 'తినేశాడు లింగమ్మా, ఇందాకే నేను చూశాను' అన్నాను. 'బతికించారు తల్లీ' అంది. నవ్వుతూనే నిద్రపోయింది." దీప్తి సుబ్బన్న వైపు తిరిగింది. "లేచాక నిజం చెప్పి నవ్వుకుందామనుకున్నాను. లేవలేదు. ఆమె చివరిగా విన్నది నా అబద్ధం. మీరు ఆకలితో బయట కూర్చుంటే, తిన్నారని చెప్పి పంపేశాను. అది మీకు ఏ మొహంతో చెప్పను బాబాయ్?"

సుబ్బన్న లేచాడు. బల్ల మీదున్న ఆరు ఉత్తరాలూ తీసుకుని మడతపెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"తీసెయ్యక్కర్లేదు," అన్నాడు రవిశంకర్‌తో.

"నన్ను క్షమించారా బాబాయ్?"

"అట్టాంటివి నాకు చేతగావు." తలుపు తీశాడు. ఆమె వైపు చూడలేదు. "ఈ మాట ఇంక నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."

మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాడు.

లింగమ్మకు మత్తెక్కే వేళకు అతను ఆసుపత్రి ఎదుటి హోటల్లో రెండో దోశ తింటున్నాడు.