పొగగొట్టంలో బూటు

"ఆ చీటీలో ఒక మాట తప్పు మాస్టారూ, కొట్టేయండి," అంది ముసలావిడ, గాజుపెట్టెను చేతికర్రతో తడుతూ.

హెక్టర్ టలక్ ఉలిక్కిపడ్డాడు. ఒటాగో కొండల్లో తొలి వలసదారులు మట్టితో కట్టుకున్న ఆ కుటీరం ఊరి చరిత్రశాలగా మారి వారమే అయింది. చీటీలన్నీ రిటైరైన బడిపంతులు హెక్టర్ స్వదస్తూరీతో రాసినవే. గాజుపెట్టెలో ఉన్నది పొగగొట్టం ఇటుకల వెనక దొరికిన పసివాడి ఒంటి బూటు. చీటీలో ఇలా ఉంది: 'బిడ్డ తొడిగిన బూటును పొగగొట్టంలో దాచితే ఆ బిడ్డకు కీడు సోకదని నమ్మేవారు. హాని లేని మూఢనమ్మకం.'

"మూఢనమ్మకాన్ని మరేమనాలమ్మా? మా నాయనమ్మా మీలాగే. గుమ్మం మీది గుర్రపునాడా పీకానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

"మూడు రోజులేనా! మా అత్తగారైతే మూడు నెలలు మూతి బిగించేది. ఆవిడ పోరు పడలేకే ఈ బూటు ఇక్కడ దాచాను."

"మీరా!" హెక్టర్ మొహం వెలిగిపోయింది. "అయితే మీ అబ్బాయిని తీసుకురండి. దీని పక్కన నిలబెట్టి ఫోటో తీద్దాం."

"చర్చి వెనక సమాధుల్లో ఉన్నాడు. వాడికి నాలుగేళ్లప్పటి నుంచీ."

హెక్టర్ తల దించుకున్నాడు. జీవితంలో ఏ నమ్మకానికీ తలవంచని మనిషి. అయినా ఒక తల్లి కోసం ఒక్క నిజాన్ని వదులుకోవచ్చుననిపించింది. పెట్టె తెరిచి, చీటీ తీసి, పెన్సిల్‌తో పాటు ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ 'మూఢనమ్మకం' జోలికి పోలేదు. 'హాని లేని' అన్న మాటను అడ్డంగా కొట్టేసింది. తర్వాత సంచిలోంచి కాగితపు పొట్లం తీసి విప్పింది. అందులో ఒక జత బూట్లు. అడుగున గీత కూడా పడలేదు.

"వాడికున్నది ఒకటే జత. శనివారం బండిలో కొత్తవి వస్తాయి కదా అని మంగళవారమే ఒకటి దాచేశాను. గురువారం వాడు ఉత్తకాళ్లతో గుర్రాల కొట్టంలోకి పరుగెత్తాడు. తుప్పుమేకు దిగింది."

ఆవిడ ఆ జతను ఒంటి బూటు పక్కన సర్ది పెట్టింది.

"శనివారం ఇవి వచ్చాయి. పాదానికి ఎక్కలేదు. ఏడవకురా, వాపు తగ్గాక తొడుగుతానని చెప్పాను."