లద్దె లెక్క

పెళ్లి ఊరేగింపులకు తిరిగి మా ఇంటికి కూడు పెట్టేది ఒక్క గుర్రమే. చలికాలం ముసురు పట్టాక అది మేసే బీడులో లద్దెను ఒక్క పూట కూడా ఉండనివ్వను. తడికి అందులోని పురుగులు గడ్డికి పాకి, మళ్లీ దాని కడుపులోకే పోతాయి. రోజుకు నాలుగు తట్టలు. ఎత్తడం మనవరాలు మెహక్ పని, క్యాలెండరులో రాయడం నాది.

నిన్న రెండే తట్టలు వచ్చాయి. ఈ ఉదయం అర తట్ట.

"మిగతాది ఏదే? బురదలో దిగేదానికి బద్ధకమా?"

"బీడంతా తిరిగినాను జేజీ. గుర్రం వెయ్యకపోతే నేను వెయ్యాల్నా?"

ఎదురు చెప్పినందుకు మళ్లీ వానలోకి పంపాను. గంటకు ఖాళీ తట్టతో పరుగెత్తుకొచ్చింది.

"గుర్రం కింద పడి పొర్లతా ఉండాది జేజీ. లెయ్యడం లేదు."

విడవలూరు నుంచి పశువుల డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన గుర్రం పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"పేగులు కదలడం లేదు. లద్దె తగ్గిన రోజే పిలిచి ఉండాల్సింది. ఎప్పుడు తగ్గిందో ఎవరైనా చూశారా అమ్మా?"

మెహక్ ఇంట్లోకి పోయి, మేకుకు వేలాడే క్యాలెండరు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఇందులో ఉండాది సార్. మా జేజి ఒక్కరోజు కూడా తప్పకుండా రాస్తాది."