ఏడో కుర్చీ కాగితం

ఉదయం పదకొండుంపావుకు, పన్నెండు కాగితాల్లో ఒకటి తేడాగా వచ్చింది.

పదకొండు కాగితాల్లో రెండో గడిలో టిక్కు ఉంది. ఏడో నంబరు కుర్చీలో కూర్చున్నావిడ కాగితంలో మొదటి గడిలో ఉంది.

సీరియల్ నలభై భాగాల థ్రిల్లర్. బడికి వెళ్లిన పిల్ల తిరిగి రాదు. తల్లి వెతుకుతుంది. ఆఖరి భాగానికి రెండు ముగింపులు తీశారు. మొదటిది రచయితది. పాడుబడిన నీళ్ల ట్యాంకులో పిల్ల శవం దొరుకుతుంది. తల్లి ఆ పిల్లకు తల దువ్వి జడ వేస్తుంది. అంతే. రెండోది ఛానల్ వాళ్లు రాయించింది. పిల్ల దొరకదు. ఏళ్లు గడుస్తాయి. ఒక సాయంత్రం ఎవరో తలుపు కొడతారు. తల్లి లేచి అటు నడుస్తుంది. అంతే.

ఆ ఉదయం రెండింటినీ పన్నెండు మంది ప్రేక్షకులకు చూపించి, తలో కాగితం చేతికిచ్చారు. పన్నెండూ రెండోదానికే పడితే ఛానల్ మాటే ఖాయం. ఒక్కటి తనవైపు ఉన్నా, రచయిత పైవాళ్ల ముందు కూర్చుని వాదించుకోవచ్చు. ఆ ఒక్క షరతు రాయించుకోవడానికి అతను రెండు నెలలు ఒప్పందం మీద సంతకం పెట్టలేదు.

"ఇది చెల్లదు" అంది కథల విభాగం అధిపతి. ఆఫీసులో అందరూ ఆమెను ఎదురుగా మేడం అంటారు, వెనక కత్తెర అంటారు.

"ఎందుకు చెల్లదు?" అన్నాడు రచయిత.

"కింద చూడు. చూశాక ఏమనిపించిందని అడిగితే 'సంతోషం' దగ్గర టిక్కు పెట్టింది. శవం దొరికితే సంతోషమేమిటి? గడులు తారుమారు చేసుంటుంది. లేదా కునుకు తీసుంటుంది."

"మీకు కావలసింది రాకపోతే జనం నిద్రపోయినట్టా?"

"జనం భోంచేసి నడుం వాల్చే ముందు చూస్తారయ్యా. నీ శవాన్ని పక్కలో వేసుకుని పడుకోమంటావా?"

"ఉన్నదే రాశాను మేడం. అందరికీ ఆశ అమ్మడానికి మనమేమైనా లాటరీ టిక్కెట్ల కొట్టు పెట్టామా?"

"నీ కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు" అంది కత్తెర. "సరే, ఆవిడ ఇంకా కిందికి దిగి ఉండదు. వెళ్లి అడుగు. తెలిసే పెట్టానని పక్కన సంతకం చేస్తే ఒప్పుకుంటాను."

అతను కాగితం తిప్పబోయాడు. కత్తెర దాని మీద చెయ్యి వేసింది. వెనకవైపు ప్రేక్షకుల సొంత వివరాలు ఉంటాయి. లెక్క తేలేదాకా ఎవరూ అటు చూడకూడదు. మనిషెవరో తెలిస్తే టిక్కును చూసే కన్ను మారిపోతుందని ఛానల్ పెట్టుకున్న పద్ధతి అది.

"ముందు సంతకం" అంది.

ఏడో కుర్చీ ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. యాభైకి దగ్గర పడి ఉంటుంది. చేతిలో మడిచిన గొడుగు ఉంది.

"అమ్మా, ఒక్క నిమిషం. ఇది మీ కాగితమే కదా?"

ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుని చూసింది. "నాదే బాబూ."

"మొదటి ముగింపు దగ్గర టిక్కు పెట్టారు. పొరపాటున కాదు కదా?"

"కాదు."

"కింద సంతోషం అని కూడా పెట్టారు."

"అవును."

"అందులో పిల్ల చచ్చిపోయింది కదమ్మా?"

"దొరికింది కదా" అంది ఆవిడ. "తల్లి చేత జడ వేయించారు. ఆ రెండోదాంట్లో ఏముంది? ఇంతకీ తలుపు కొట్టింది ఎవరు బాబూ?"

"తెలియదు. చూసేవాళ్ల ఊహకు వదిలేశారు. ఆశ అన్నమాట."

"తెరిస్తే పాలవాడు ఉంటాడు. లేకపోతే పంచదార అడగడానికి పక్కింటివాళ్లు."

రచయితకు నవ్వొచ్చింది. ఇన్ని నెలల్లో తన తరఫున ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు లేరు. పంచదార మాట పైవాళ్ల ముందు వాడుకోవాలని మనసులో రాసుకున్నాడు.

"ఆ మొదటిది రాసింది నేనే. నేనూ అదే మొత్తుకుంటున్నానమ్మా. మంచి ముగింపులు సీరియళ్లలోనే ఉంటాయి. బయట ఉండవు."

ఆవిడ అతని వైపు చూసింది.

"మీరు రాసిందే మంచి ముగింపు బాబూ" అంది.

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని, కాసేపు ఉండి, మూసుకున్నాయి. ఆవిడ కాగితాన్ని గోడకు ఆనించి సంతకం చేసింది. పెన్ను తిరిగి ఇస్తూ, "టీవీలో ఏది వేస్తారు?" అని అడిగింది.

"మీ సంతకం ఉంది కాబట్టి నాది రావచ్చు."

"అయితే మీదే వేయించండి. చూస్తాను."

ఆవిడ మెట్ల మీదుగా వెళ్లిపోయింది. అతను పెద్ద పెద్ద అంగలు వేస్తూ గదికి తిరిగొచ్చాడు.

కత్తెర సంతకాన్ని రెండుసార్లు చూసి, చిట్టాలో పదకొండు, ఒకటి అని వేసింది.

"గెలిచావు పో. సోమవారం పైవాళ్లను కూర్చోబెడతాను. ఇప్పుడు తిప్పు. నీ ముగింపుకు సంతోషపడిన ఆ మహాతల్లి ఎవరో చూద్దాం."

అతను తిప్పి, ఆమెకు వినపడేలా చదివాడు.

"వృత్తి, కుట్టుపని. ఇంట్లో ఉండేవారు, ఒక్కదాన్నే. సంతానం, ఒక అమ్మాయి."

తర్వాతి గడి అమ్మాయి వయసుది. చిన్న గడి. ఆవిడ రాసింది అందులో పట్టక కాగితం అంచు దాకా పోయింది. దాన్ని అతను పైకి చదవలేదు. కత్తెర కాగితం అందుకుని చూసింది.

"పదకొండు. ఉంటే పందొమ్మిది."