టెర్‌హోర్స్ట్ వారసుడు

"అమెరికా జనాభా లెక్కల్లో మా ముత్తాత ఇదిగో. హెర్మన్ టెర్‌హోర్స్ట్, రైతు, పుట్టింది ప్రష్యా," అంటూ అమెరికా నుంచి మా జర్మనీ పల్లెకి వచ్చిన లైల్ కాగితం నా ముక్కు దగ్గర పెట్టాడు. పొద్దున మా పొలం గేటు దగ్గర నేను నిలబెట్టేస్తే, పాత పుస్తకాలు చూడాలని తిన్నగా చర్చికి వచ్చాడు. వీడి సంబరం ఎలా ఆరిపోతుందో చూద్దామని నేనూ వెనకే వచ్చాను.

"మా పేరు తగిలించుకుని ఏటా ఇద్దరు ముగ్గురు దిగుతారు," అన్నాను. "ఆ హెర్మన్ మా ఇంట్లో పేడెత్తినవాడై ఉంటాడు. ఓడ దిగి యజమాని పేరు చెప్పుకున్నాడు. ఆ మట్టి నాలుగొందల ఏళ్లుగా మా రక్తానిది."

ముసలి గుమాస్తా గెర్‌ట్రూడ్ బాప్తిస్మాల పుస్తకంలోంచి తలెత్తలేదు.

"హెర్మన్, 1838. తండ్రి పొలం యజమాని యోస్ట్ టెర్‌హోర్స్ట్," అని చదివి, పెళ్లిళ్ల పుస్తకం తెరిచింది. "1840. యోస్ట్ పోయాక భార్య పాలేరు బెర్న్‌డ్‌ని చేసుకుంది. మన దగ్గర పెళ్లితో పొలంలోకి వచ్చిన మగాడు ఆ పొలం పేరే ఇంటిపేరుగా పెట్టుకోవాలి కదా, ఇతనూ పెట్టుకున్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది, ఆల్బన్. మీ వంశం ఆ బెర్న్‌డ్‌దే. హెర్మన్ పేరు పక్కన పాదిరి రాశాడు చూడు: మారుతండ్రి పంపగా పద్దెనిమిదో ఏట అమెరికా వెళ్లెను."

నేను చూడలేదు.

"తల్లి ఒక్కతేగా, మనం చుట్టాలమే," అన్నాడు లైల్, టోపీ చేతిలో నలుపుతూ. "మీకు అభ్యంతరం లేకపోతే ఆ పొలం గేటు బయటినుంచి ఒకసారి చూసి పోనా?"

"లోపలికే పదండి," అన్నాను. "గేటు నేను తీస్తాను. మావాళ్లకి అలవాటైన పనే."